వదిన కట్టిన కాక్‌పిట్

మా వదిన లిఫ్టుల ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్ళు వైర్లు కట్టింది. లిఫ్టు ఎక్కేవాళ్ళకు కనిపించేవి బొత్తాలూ తలుపులూ మాత్రమే. మేడ పైన ఒక చిన్న గదిలో ఇనప బీరువా లాంటిది ఉంటుంది. ఏ అంతస్తులో ఎవరు నొక్కారు, తలుపు మూసుకుందా లేదా, పైకి పోవాలా కిందికి రావాలా అన్నదంతా తేల్చేది అదే. దాని లోపల ఆరేడు వందల వైర్లు ఉంటాయి. అవి కట్టడమే ఆమె పని. ఆమె కట్టిన బీరువా తలుపు తీస్తే లోపల దువ్వి అల్లిన జడలా ఉండేది. ఏ వైరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో కళ్ళు మూసుకుని తడిమి చెప్పగలిగేది.

నేను కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే షాపు నడుపుతున్నాను. అన్నయ్య కంటే తొమ్మిదేళ్ళు చిన్నవాణ్ణి. అన్నయ్య, వదిన, అమ్మ, నేను ఒకే ఇంట్లో ఉంటాం. ఆ ఫ్యాక్టరీవాళ్ళు నా షాపుకి మోటార్లు పంపేవాళ్ళు. అక్కడి ఫోర్‌మన్ ఒకసారి నాతో అన్నాడు, "మీ వదిన కట్టిన ప్యానెల్ రిపేరుకి రాదయ్యా. వచ్చిందంటే ఎవడో మధ్యలో వేలు పెట్టాడన్నమాటే."

తర్వాత అచ్చు బోర్డులు వచ్చాయి. ఆరు వందల వైర్ల పని అరచేతంత బోర్డు చేసేస్తుంది. వైరింగు హాలు మూసేశారు. వదినను రెండేళ్ళు స్టోరులో కూర్చోబెట్టి డబ్బాలు లెక్కపెట్టించారు, ఆ తర్వాత అదీ అక్కర్లేదన్నారు. నలభై ఆరేళ్ళకు ఆమె ఇంటికొచ్చింది.

పని చేసిన చేతులు ఊరుకోవు. మొదటి నెలలో ఇంటి వైరింగంతా విప్పి మళ్ళీ కట్టింది. ప్రతి స్విచ్చి కిందా నంబరు, ప్రతి ప్లగ్గుకీ చీటీ.

"ఒరే, మీ వదిన మిక్సీకి కూడా నంబరు వేసిందిరా," అంది అమ్మ. "రేపో మాపో నాకూ అంటిస్తుంది."

"మీకెందుకత్తయ్యా, ఈ ఇంట్లో మెయిన్ స్విచ్చి మీరే కదా. అందరికీ తెలుసు," అంది వదిన.

నవ్వుతూనే అనేది. కానీ ఇల్లు అయిపోయాక ఇంక కట్టడానికి ఏమీ మిగల్లేదు. నాలుగైదు చోట్ల పనికి అడిగింది. చేత్తో వైరు కట్టేవాళ్ళు ఇప్పుడు ఎవరికి కావాలి? ఒకచోట మర్యాదగా కాఫీ ఇచ్చి పంపారు. ఇంకోచోట, "అమ్మా, మీరు కంప్యూటరు కోర్సు ఏదైనా చేశారా?" అని ఇరవై ఏళ్ళ అమ్మాయి అడిగింది. ఆ రోజు ఇంటికొచ్చి నాతో ఒక్క ముక్క అంది. "స్టోరులో లెక్కలు రాసే పని దొరుకుతుంది మరిదీ. అది చేశానంటే ఇక ఈ చేతులు పనికి తిరిగి రావు."

అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. పొద్దున డ్యూటీ దిగి భోంచేశాక పాత కంప్యూటరు ముందు కూర్చుని విమానం నడుపుతాడు. సిమ్యులేటర్ అంటారు దాన్ని. ఆట కాదని అన్నయ్య వాదన. నిజం విమానానికి ఉండే గాలి, బరువు, వేగం అన్నీ అందులో లెక్క ప్రకారం ఉంటాయట. పొద్దుటి నుంచి బస్సు నడిపి వచ్చి మళ్ళీ విమానం నడపడమేమిటని అమ్మ అడిగితే, "అక్కడ స్టాపులుండవమ్మా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం వదిన ఆయన వెనకాల నిలబడి బట్టలు మడత పెడుతోంది. తెర మీద విమానం దిగే వేళయింది. అన్నయ్య కంగారుగా కీబోర్డు మీద అటూ ఇటూ వెతికాడు.

"ఏంటండీ ఆ వెతుకులాట?"

"చక్రాలే. చక్రాలు దింపాలి. ఆ అక్షరం ఎక్కడుందో... అదిగో!"

"చక్రాలు దింపడానికి అక్షరం నొక్కడమేంటి? దీపానికో అక్షరం, బ్రేకుకో అక్షరమా? ఏ పనికి ఆ మీట ఉండాలి. చూడకుండా చెయ్యి దాని మీదకి పోవాలి."

"కబుర్లు సులువే. నువ్వు పెట్టు చూద్దాం."

ఆయన వేళాకోళానికి అన్నాడు. ఆమె మడత పెడుతున్న చొక్కా అక్కడే వదిలేసి, పాత ఇనప సామాను కొట్టుకు వెళ్ళింది.

మొదట ఒక్క మీట. కంప్యూటరుకు కేబుల్‌తో తగిలించే చిన్న కంట్రోలర్ బోర్డు ఒకటి నా షాపులో ఉంది. నీళ్ళ మోటారును సమయానికి ఆపడానికి తెచ్చి పక్కన పడేసినది. దాన్ని అడిగి తీసుకుంది. మీట వేస్తే బోర్డుకు తెలుస్తుంది, బోర్డు సిమ్యులేటర్‌కు చెబుతుంది, తెర మీద చక్రాలు దిగుతాయి. చెప్పుకోవడానికి ఇంతే. మొదటిసారి మీట వేసినప్పుడు చక్రాలు దిగాయి, ఎక్కాయి, మళ్ళీ దిగాయి, మళ్ళీ ఎక్కాయి.

"విమానం గుంజీళ్ళు తీస్తోందే!" అన్నాడు అన్నయ్య.

వదిన నవ్వలేదు. "స్విచ్చి ఒక్కసారే కలవదండీ. లోపలి రేకు బంతిలా నాలుగు గెంతులు గెంతి కుదురుకుంటుంది. మన కంటికి కనపడదు, బోర్డుకు నాలుగూ కనపడతాయి. అది కుదురుకునేదాకా ఆగి, అప్పుడు నమ్మమని చెప్పాలి." లిఫ్టు బొత్తాలతో పందొమ్మిదేళ్ళు ఉన్న మనిషికి అది కొత్త సంగతి కాదు. కొత్తది, దాన్ని ప్రోగ్రాంలో రాయడం. బోర్డుతో వచ్చిన నమూనాలు ముందేసుకుని, ఒక్కొక్క మాట మార్చి ఏమవుతుందో చూస్తూ నేర్చుకుంది. నోటుబుక్కులో ఎడమ పేజీలో ఏం మార్చిందో రాసేది, కుడి పేజీలో ఏం జరిగిందో రాసేది. పది రోజుల్లో చక్రాలు ఒక్క దెబ్బకు దిగి నిలబడ్డాయి.

ఒక మీట అయ్యాక ఇంకోటి. విరిగిన బీరువా చెక్కతో, విమానం కాక్‌పిట్‌లో నడిపేవాడి ముందు ఉండేలాంటి ఎదురుపలక చేసింది. లిఫ్టు బొత్తాలు పాతిక బిగించింది. మీటర్లకు ముళ్ళు కావాలి. పాత కార్ల డాష్‌బోర్డులలో స్పీడు ముల్లును తిప్పే మోటార్లు ఉంటాయి, బొటనవేలంత. మెకానిక్ షెడ్డుల చుట్టూ తిరిగి నేను పధ్నాలుగు పోగు చేసుకొచ్చాను. తొమ్మిది బాగున్నాయి. వేగం ఎంతో, ఎత్తు ఎంతో, మొహం ఏ దిక్కుకో సిమ్యులేటర్ అంకెల్లో చెబుతుంది. బోర్డు ఆ అంకె ప్రకారం ముల్లును తిప్పుతుంది. తెర మీది బొమ్మ మీటరు వేరు, చెక్క మీద కదిలే ముల్లు వేరు. అన్నయ్య మొదటిసారి ఎత్తు ముల్లు కదలడం చూసి, కుర్చీ దగ్గరకు లాక్కుని, అమ్మ కాఫీకి పిలిచినా లేవలేదు. మా ఇంట్లో అది విశేషం.

మధ్య గదిలో సగం దానికే పోయింది. అమ్మ పక్క నుంచి నడుస్తూ, "విమానం ఎటూ కదలదు గానీ, నేను కదలడానికి లేకుండా పోయింది," అనేది. కాని కూరగాయల సంచి తెచ్చి దించేటప్పుడు ఆ పలకకు తగలకుండా చుట్టూ తిరిగి వెళ్ళేది.

మాటలు కోటలు దాటడం మా అన్నయ్య దగ్గర చూడాలి. ఊరి చివర విమానం నడపడం నేర్పే బడి ఉంది. అక్కడి పెద్ద గురువు ఒకాయన, అందరూ కెప్టెన్ అంటారు, కారు షెడ్డులో ఉందని వారం రోజులు అన్నయ్య బస్సెక్కాడు. నాలుగో రోజు అన్నయ్య ఆగలేకపోయాడు.

"సార్, మా ఇంట్లో విమానం ఉందండి."

"బొమ్మదా?"

"బొమ్మా! ఆరు మీటర్లు సార్. ఆరూ తిరుగుతాయి. మా ఆవిడ కట్టింది."

నిజానికి తిరిగేవి నాలుగు. ఆదివారం పొద్దున కెప్టెన్ మా గుమ్మంలో నిలబడేసరికి వదిన చెయ్యి టంకం పొగలో ఉంది. అన్నయ్య వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు అన్నయ్య మంచినీళ్ళు తెస్తానని లోపలికి పోయాడు.

"కెప్టెన్ అంటే ఏ ఆటకు నాయనా?" అని అమ్మ ఆయన్ని అడిగింది.

"ఆట కాదమ్మా, విమానాలు," అన్నాడాయన.

"మా ఇంట్లో రెండూ ఒకటే," అంది అమ్మ.

ఆయన సన్నగా, నెరిసిన జుట్టుతో, తక్కువ మాట్లాడే మనిషి. అప్పటిదాకా చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ పలక ముందు నిలబడి మీటలు లాగి చూసేవాళ్ళు. ఆయన వంగి వెనక వైపు చూశాడు. రంగు రంగుల వైర్లు కట్టలు కట్టి, మలుపు దగ్గర మలుపు తిరిగి, ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా పోతున్నాయి. ఒక చీటీ పట్టుకుని చదివాడు. రెండో కొస వెతికి, అక్కడా అదే చీటీ ఉందో లేదో చూసుకున్నాడు.

"ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"లిఫ్టులండీ."

అప్పుడు సంగతి చెప్పాడు. వాళ్ళ బడిలో అభ్యాసపు పెట్టె ఒకటి ఉంది. విద్యార్థులు గాల్లోకి వెళ్ళే ముందు అందులో కూర్చుని ఏది ఎప్పుడు వెయ్యాలో చేతికి అలవాటు చేసుకుంటారు. అమ్మిన కంపెనీ మూతబడ్డట్టుంది, జవాబు లేదు. వారానికి రెండు రోజులు పెట్టె పడుకునే ఉంటుంది. దాన్ని నిలబెట్టి, ఇలాంటివి ఇంకో రెండు కట్టి, రోజూ చూసుకునే మనిషి కావాలి. కాని మేనేజరు కేటలాగు చూసి కొత్తది తెప్పిద్దామంటున్నాడు.

"మూడు వారాల తర్వాత బుధవారం ఆయన్ని తీసుకొస్తాను. నేను ఇందులో కూర్చుని ఒక చుట్టు ఎగురుతాను. అది నిలబడితే పని మీది. ఆ గురువారమే ఆయన కొత్తదానికి ఆర్డరు పెట్టాలంటున్నాడు. అంతకు మించి ఆపలేను."

ఆయన వెళ్ళాక వదిన కుర్చీలో కూర్చుంది. "వైరు కట్టే పని," అంది, తనలో తను చెప్పుకున్నట్టు. తర్వాత నోటుబుక్కు తీసింది.

ఆ మూడు వారాల్లో మేమిద్దరం ఒక్కసారే గట్టిగా వాదించుకున్నాం. అయిదో మీటరు, అంటే దిక్కుల మీటరు, రెండో వారానికి అయింది. ఆరోది మిగిలింది. అది మొదలుపెట్టకుండా ఆమె ఎర్ర రంగు రేకు ముక్కలు కత్తిరించడం మొదలుపెట్టింది. ప్రతి మీటరు లోపలా ఒక చిన్న కాయిల్. కరెంటు ఉన్నంతసేపూ అది రేకును పైకి ఎత్తి పట్టుకుంటుంది. వైరు తెగినా, అంకెలు రావడం ఆగినా ఆ కరెంటు ఆగి, రేకు జారి ముల్లుకు అడ్డంగా పడుతుంది. నన్ను అయిదు కాయిళ్ళు చుట్టిమ్మంది.

"వదినా, ఇది ఆయన అడగలేదు. ఆరో మీటరు కావాలి. చోటు ఖాళీగా కనపడితే ఆ మేనేజరు ఏమంటాడు?"

"ఖాళీ అంటాడు. ఖాళీయే కదా."

"పని పోతుంది వదినా."

"లిఫ్టులో వైరు తెగితే లిఫ్టు ఆగాలి. తెగిన వైరు మీద నడిచే లిఫ్టు నేను కట్టలేదు, కట్టను. తప్పు ఎత్తు చూపించే మీటరు కంటే లేని మీటరే నయం. చుడతావా, నన్నే చుట్టుకోమంటావా?"

చుట్టాను. వెంట్రుక లాంటి తీగ, ఒక్కోదానికి పన్నెండు వందల చుట్లు. ఆరో మీటరు చోట ఆమె రేకు బిళ్ళ బిగించి, దాని మీద 'ఇంకా పని ఉంది' అని అంటించింది.

అన్నయ్య రోజూ నడిపి చూసేవాడు. ఒక్క తప్పూ లేదు. "అచ్చం విమానమే!" అని వీధిలో అందరికీ చెప్పాడు.

బుధవారం పదకొండింటికి ఇద్దరూ వచ్చారు. మేనేజరు నున్నటి బూట్లు వేసుకున్నాడు, చేతిలో ఫైలు. రేకు బిళ్ళ మీది మాట చదివి కనుబొమలెత్తాడు. కెప్టెన్ కుర్చీలో కూర్చున్నాడు. చెయ్యి పలక మీద ఒకసారి పాకించి, మీటల్ని చూడకుండా పట్టుకుని చూశాడు. రన్‌వే తూర్పు ముఖంగా ఉంది. విమానం పరుగెత్తి లేచింది. చక్రాలు ఎక్కాయి, చక్రాల దీపం ఆరింది. ఎత్తు ముల్లు నున్నగా పైకి పోతోంది. వదిన రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నిలబడింది.

కెప్టెన్ ఎడమకు తిరిగాడు. దిక్కుల ముల్లు తూర్పు నుంచి మెల్లగా ఉత్తరం వైపు వచ్చింది. ఉత్తరం చేరింది. ఆయన విమానాన్ని అక్కడ నిలపబోయాడు. అంతే, ముల్లు ఒక్కసారిగా వెనక్కి తిరిగి, తూర్పూ దక్షిణమూ పడమరా అన్నీ చుట్టి, గిర్రున ఉత్తరం పక్కకు వచ్చింది. వచ్చిందో లేదో మళ్ళీ అటు నుంచి ఇటు. మళ్ళీ ఇటు నుంచి అటు. విమానం నిలకడగా ఉత్తరానికి పోతోంది, ముల్లు మాత్రం గిరగిరా తిరుగుతూనే ఉంది.

"ఫ్యాను కూడా పెట్టావా కోడలా?" అంది అమ్మ తలుపు దగ్గర నుంచి.

మేనేజరు ఫైలు మూశాడు. "నేను అనుకున్నదే కెప్టెన్ గారూ. ఇంట్లో చేసినవి ఇంట్లోకే బాగుంటాయి."

కాయిళ్ళు మానేసి ఆ వారం ఇది చూసుకుని ఉంటే అని నాకు అనిపించింది. అన్నయ్య మొదలుపెట్టాడు, "నిన్నటిదాకా బానే ఉంది సార్, కరెంటు హెచ్చుతగ్గుల వల్ల..."

"మీరు ఆగండి," అంది వదిన. ఆమె ముల్లునే చూస్తోంది. కంగారు లేదు. "కెప్టెన్ గారూ, అలాగే ఉత్తరానికే ఉంచండి. కదపకండి." దగ్గరికి వచ్చి వంగి చూసింది. ఉత్తరానికి ఇటు పక్క కొంచెం, అటు పక్క కొంచెం విమానం ఊగినప్పుడల్లా ముల్లు మొత్తం చుట్టి వస్తోంది. తర్వాత అన్నయ్య వైపు తిరిగింది.

"ఏమండీ, మీరు ఎప్పుడైనా ఉత్తరం దాటారా?"

"ఉత్తరమెందుకు? మన రూటు తూర్పుకి కదా. తిన్నగా వెళ్తాను, దిగుతాను."

"మూడు వారాలూ?"

"బస్సు డ్రైవర్ని, రూటు మారిస్తే ప్రయాణికులు ఊరుకుంటారా?"

మేనేజరు గడియారం చూసుకున్నాడు. వదిన స్టూలు లాక్కుని కూర్చుని, కంప్యూటరు ముట్టుకోకుండా, కళ్ళు మూసుకుంది. ఒక నిమిషం అలాగే ఉంది. తర్వాత నుదురు కొట్టుకుంది.

"తప్పు నాదేనండీ. వైరుది కాదు, నా బుర్రది. దిక్కులకు అంకెలుంటాయి కదా. ఉత్తరం సున్నా, అక్కణ్ణుంచి కుడిగా లెక్క పెట్టుకుంటూ వస్తే చివరిది మూడు వందల యాభై తొమ్మిది. నేను వాటిని అంతస్తులనుకున్నాను. కింది అంతస్తులో ఉన్న లిఫ్టు పై అంతస్తుకు పోవాలంటే అన్నీ ఎక్కాల్సిందే. అలాగే రాశాను. కాని చుట్టూ తిరిగేదానికి పై అంతస్తు ఉండదు. సున్నాకీ చివరిదానికీ మధ్య ఒక్క అడుగే."

కెప్టెన్ నవ్వాడు. ఆ రోజు అదే మొదటిసారి. "అంటే నేను మేడెక్కి దిగుతున్నానన్నమాట."

"మూడు వందల అరవై అంతస్తుల మేడండీ. పావుగంట ఇవ్వండి."

"ప్రయాణికులు గాల్లో ఉన్నప్పుడు కూడా పావుగంట అడుగుతారా?" అన్నాడు మేనేజరు.

"అందుకే నేల మీద అడుగుతున్నానండీ," అంది వదిన. ఎత్తిపొడుపు కాదు, ఉన్న మాట.

కెప్టెన్ కుర్చీ దిగలేదు. "నాకు తొందర లేదు," అన్నాడు. మేనేజరుకు అమ్మ స్టూలు వేసింది.

గోడ మీది గడియారం దింపమంది వదిన. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ముళ్ళు వేలితో తిప్పుతూ చూసింది. పన్నెండు నుంచి పదకొండుకు పోవాలి. ముందుకు పోతే పదకొండు అడుగులు, వెనక్కి వస్తే ఒకటి. ఎక్కడి నుంచి ఎక్కడికైనా, పోవలసిన దూరం సగం చుట్టు కంటే ఎక్కువైతే రెండో వైపు నుంచి పోవాలి. అంతే సూత్రం. నోటుబుక్కు ఎడమ పేజీలో రాసింది. ప్రోగ్రాంలో నాలుగు వరసలు మార్చింది. బోర్డులోకి ఎక్కించే ముందు వేలితో ఒక్కో వరసా చదివింది, పెదాలు కదుపుతూ. మేనేజరు ఫోను మోగింది, ఆయన మాట్లాడి పెట్టేశాడు, ఆమె తల ఎత్తలేదు. పన్నెండు నిమిషాలు పట్టింది. గడియారం ఆమె ఒళ్ళోనే ఉంది కాబట్టి నా ఫోనులో చూశాను.

కెప్టెన్ విమానాన్ని మళ్ళీ లేపాడు. ఎడమకు తిరిగాడు. ముల్లు ఉత్తరం చేరి, దాటింది. పడమర వైపు జారింది. ఆయన కావాలని కుడికి తిప్పాడు, మళ్ళీ దాటింది. ఎడమకు తిప్పాడు, దాటింది. పదిసార్లు చేసి ఉంటాడు. తర్వాత పద్ధతిగా చుట్టు తిరిగి రన్‌వేకు ఎదురుగా వచ్చాడు.

"సరే," అన్నాడు మేనేజరు, స్టూలు మీంచి లేచి. "ఇప్పుడు తిరుగుతోంది. రేపు ఏదో వైరు ఊడుతుంది. అప్పుడేం చేస్తారు? ఉదాహరణకి ఇదిగో..." అని పలక వెనక చెయ్యి పెట్టి కంప్యూటరు నుంచి వచ్చే కేబుల్ పట్టుకుని లాగేశాడు.

టకటకమని అయిదు శబ్దాలు. అయిదు మీటర్లలోనూ ఎర్ర రేకులు జారి ముళ్ళకు అడ్డం పడ్డాయి.

కెప్టెన్ చేతులు మీటల మీదే ఆగిపోయాయి. వంగి ఒక రేకును దగ్గరగా చూసి, "ఇది ఎవరు పెట్టమన్నారు?" అని అడిగాడు.

"ఎవరూ అనలేదండీ. వైరు లేనప్పుడు మీటరు నోరు మూసుకోవాలి. అబద్ధం ఆడకూడదు."

ఆయన మేనేజరు వైపు తిరిగాడు. "నిజం విమానంలో ఇలాగే ఉంటుంది. మన పెట్టెలో లేదు. పోయిన నెల కేబుల్ వదులై ఎత్తు ముల్లు ఉన్నచోటే నిలబడిపోయింది. ఆ అబ్బాయి అంత ఎత్తులో ఉన్నాననుకుని దింపుకుంటూ పోయి నేలను కొట్టాడు. పెట్టె కాబట్టి లేచి టీ తాగడానికి వెళ్ళాడు."

మేనేజరు కేబుల్‌ను మళ్ళీ తగిలించబోయి, ఎటు తగిలించాలో తెలియక, వదినకే ఇచ్చాడు. అయినా ఊరుకోలేదు. "ఒక్క మనిషి మీద ఆధారపడటం మంచిది కాదండీ. ఆవిడ రాని రోజు?"

"ఇన్నాళ్ళూ కంపెనీ మీద ఆధారపడ్డాం కదా. ఫోను ఎత్తారా?" అన్నాడు కెప్టెన్.

"పొరపాటు జరిగింది, మన కళ్ళ ముందే జరిగింది."

"జరిగింది. నాదే అని ఆవిడే చెప్పింది. ఎందుకు జరిగిందో చెప్పింది. పన్నెండు నిమిషాల్లో సరిచేసింది. మీరు చెప్పండి, మన ఆఫీసులో ఇలాంటిది ఎప్పుడు చూశారు?" మేనేజరు ఫైలు చంకలో పెట్టుకున్నాడు. కెప్టెన్ వదినతో అన్నాడు, "సోమవారం రండి. మా పెట్టె విప్పండి."

"దాని వైరింగు పటం ఉందాండీ?"

"లేదు."

"అయితే మొదటి వారం విప్పను. పటం గీస్తాను. ఏది ఎక్కడికి పోతోందో తెలియకుండా విప్పితే, కట్టినవాడి తప్పుకు నా తప్పు కలుస్తుంది."

"వారం రోజులూ బొమ్మలు గియ్యడమేనా?" అన్నాడు మేనేజరు.

"గియ్యనివ్వండి," అన్నాడు కెప్టెన్.

వాళ్ళు వెళ్ళాక వదిన అన్నయ్యతో అన్న మొదటి మాట ఇది. "రేపటి నుంచి రూటు మార్చండి. ఉత్తరానికి పోండి, తలకిందులుగా కూడా పోండి. వచ్చి ఏం జరిగిందో రాసి పెట్టండి." అన్నయ్య తలకిందులు వద్దని బతిమాలుకున్నాడు.

సోమవారం ఆమె పనిముట్ల పెట్టె మొయ్యడానికి నేనూ వెళ్ళాను. పెద్ద రేకుల షెడ్డు. ఒక పక్క రెక్క విప్పిన చిన్న విమానం, ఒక పక్క ఈ అభ్యాసపు పెట్టె. ముందు నుంచి చూస్తే మెరుపు. వెనక తలుపు తీస్తే అన్నీ ఒకే బూడిద రంగు వైర్లు, చిక్కుపడిన జుట్టులా. ఒక్కదానికీ నంబరు లేదు. నాకు చూడగానే నీరసం వచ్చింది. వదిన మొహం విప్పారింది. నెలల తర్వాత ఆ మొహం చూశాను. చాప పరుచుకుని, టార్చి నోట కరుచుకుని, పెట్టె కిందికి దూరింది. బయటికి పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి.

మధ్యాహ్నం కెప్టెన్ ఇద్దరు విద్యార్థులతో వచ్చాడు. ఆయన షెడ్డులోకి వస్తే అందరూ లేచి నిలబడుతున్నారు, మెకానిక్ సహా. ఆయన పెట్టె దగ్గర ఆగి, "ఏమమ్మా, ఎంతవరకు వచ్చింది?" అని అడిగాడు.

లోపల నుంచి టార్చి అడ్డం వల్ల ముద్దగా గొంతు వచ్చింది. "ఆగండి, లెక్క తప్పుతుంది."

విద్యార్థులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కెప్టెన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఆ పాదాల పక్కన నిలబడి ఆగాడు.